మస్కట్ బడి, మా ఊరి బడి, మధ్యలో ఆదిలాబాద్ బస్సు

చిన్నపిల్లల చదువు మీద ఏ దేశపు సర్కారు ఎక్కువ ఖర్చు పెడుతుందో తేల్చడానికి పెద్ద చదువులు చదివినవాళ్లు పెద్ద గదుల్లో కూర్చుంటారట. నేనూ మా తమ్ముడు సామేలూ ఆ పని ఆర్టీసీ బస్సులో కూర్చుని చేశాం. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఒకసారి, మళ్లీ వెనక్కి ఒకసారి. లెక్క తేలింది. ఎలా తేలిందో చెబితే ఆ గదుల్లోవాళ్లు ఒప్పుకోరు. అందుకని మీకు చెబుతున్నాను.

ముందు మా పంచాయితీ ఏమిటో తెలియాలి. కరీంనగర్ పక్కన ఉన్న మా ఊళ్లో సర్కారు ప్రాథమిక బడి ఉంది. అక్కడ మధ్యాహ్నం వంట చేసేది నేనే. నేను అక్షరాలు నేర్చుకున్నది కూడా అక్కడే, తల నెరిశాక. అన్నం ఉడికేలోపు మా టీచరమ్మ నన్ను ఒకటో తరగతి చివరి బెంచీ మీద కూర్చోబెట్టేది. పక్కనున్న పిల్లలు గుణింతాలు దాటి గబగబా రెండో తరగతికి పోయారు. నాకు ఒక కన్ను పప్పు మీద ఉండేది కాబట్టి ఇంకాస్త ఎక్కువ కాలం పట్టింది.

ఇప్పుడు ఆ బడికి పిల్లలు తగ్గిపోయారు. ఈ ఏడు ఒకటో తరగతిలో ఒక్కరైనా చేరకపోతే బడిని కాలువ అవతలి ఊరి బడిలో కలిపేస్తామని పైనుంచి వచ్చినవాళ్లు చెప్పి వెళ్లారు. అదే జరిగితే నా పొయ్యి ఆరిపోతుంది, దాచడమెందుకు. ఉన్న పిల్లలు రోజూ కాలువ దాటి పోవాలి. సగం మంది మానేస్తారు.

ఆ ఒక్కరు మా రూతు కావాలని నా ఆశ. రూతు సామేలు మనవరాలు, బడిలో వేసే వయసు. ఆదిలాబాద్‌లో తల్లి దగ్గర ఉంటుంది. తల్లి సునీత అక్కడ ఒక ఆస్పత్రిలో నర్సు. తండ్రి దుబాయ్‌లో రంగులు వేసే పనిలో ఉన్నాడు. సునీతకు రాత్రి డ్యూటీలు పడుతున్నాయని, పిల్లను మా దగ్గర ఉంచి చదివిద్దామని అనుకున్నారు. తీసుకురావడానికి మేమిద్దరం బయల్దేరాం. చిక్కల్లా ఏ బడిలో అన్నదే. సామేలు మనసు ప్రైవేటు బడి మీద, ఇంకా చెప్పాలంటే ఆ బడి పసుపు బస్సు మీద ఉంది. వాడు మస్కట్‌లో సర్కారు బడి బస్సు నడిపి, ఈ ఎండాకాలమే పూర్తిగా ఇంటికి వచ్చేశాడు. వాడి దృష్టిలో సర్కారు అంటే అక్కడిదే.

"సునీత ముందట ఇద్దరం చెప్పుదాం. అది ఎటంటే అటే," అనుకున్నాం. అయితే ఆదిలాబాద్ దాకా నోరు మూసుకుని కూర్చునే అలవాటు మా ఇద్దరిలో ఎవరికీ లేదు.

కరీంనగర్: సున్నా టికెట్టు

బస్సు ఎక్కగానే కండక్టరమ్మకు ఆధార్ కార్డు చూపించాను. సున్నా టికెట్టు చింపి ఇచ్చింది. సామేలు జేబులో నుంచి నోటు తీశాడు.

"మస్కట్ల ఆడోళ్లకు బస్సు ఫ్రీ ఉన్నదారా?" అని అడిగాను.

"లేదు."

"అయితే ఒకటి మా దిక్కు రాస్కో."

"గది బడి ఖర్చు కాదక్కా!"

"బడిల వంట చేసేదాన్ని, బడి పని మీద పోతున్న. బడి ఖర్చు గాక మరేంది?"

కండక్టరమ్మ నవ్వింది. "గా లెక్కన నేను గూడ బడికే పోతున్న. జర జరుగుండ్రి, వెనుకోళ్లకు టికెట్లు కొట్టాలె."

మా లెక్కకు ఒక పద్ధతి పెట్టుకున్నాం. రూపాయల్లో పోల్చడం మా వల్ల కాదు. రియాలుకు ఎన్ని రూపాయలో సామేలు రోజుకో మాట చెబుతాడు. టీ పది రూపాయలంటే "అక్కడి చిల్లర బైసలల్ల చూస్తె ఇదేం లెక్క" అని రెండు తాగుతాడు, చెప్పుల ధర వింటే మాత్రం పక్కా ఇండియా మనిషి అవుతాడు. అందుకని పొద్దున ఒక పిల్లవాడు ఇల్లు కదిలినప్పటి నుంచి సాయంత్రం ఇల్లు చేరేదాకా సర్కారు వాడికి ఏమేం ఇస్తుందో అదే చూద్దామన్నాను. వాడు సరేనన్నాడు. 

సామేలు మొదలుపెట్టాడు. బస్సు ఇంటి ముందుకే వస్తుంది. బస్సులో ఏసీ, బడిలో ఏసీ. పుస్తకాలు ఇస్తారు. బాత్రూములు అద్దంలా ఉంటాయి.

మా బడి బాత్రూము సంగతి రాకముందే నేను అందుకున్నాను. "బువ్వ?"

"ఏం బువ్వ?"

"పగటీలి బువ్వ. గుడ్డు. ఎవరు పెడ్తరు అక్కడ?"

"క్యాంటీన్ ఉంటది. కొనుక్కుంటరు."

"అంటే పొద్దుందాక పోరగాని కడుపుల సర్కారు ఒక్క మెతుకు వెయ్యదన్నట్టు."

"ఇంట్ల తిని వస్తరక్కా!"

"ఇంట్ల ఉన్నోని కథ చెప్తున్నవ్ నువ్వు."

సామేలు కిటికీ వైపు తిరిగాడు. నేను దారిలో బోర్డులు చదువుకోవడం మొదలుపెట్టాను. చదువు నాకు బంతి చివర్లో వడ్డించిన అన్నం, మెతుకు వదలను. ఎరువుల దుకాణాలు, పండ్ల డాక్టర్లు, వడ్ల మిషన్లు, అన్నీ పైకే చదువుతాను. "జర ఊకో అక్కా, పరేషాన్ చేస్తున్నవ్," అన్నాడు వాడు.

కొండగట్టు: ఖర్జూరాలు

కొండగట్టు స్టేజీ దగ్గర బస్సు ఆగింది. కొండ మీది అంజన్న గుళ్లో మొక్కు తీర్చుకుని దిగినవాళ్లు గుంపుగా ఎక్కారు. కొత్తగా గుండు చేయించుకున్న ఒక ఆమె నా పక్కన కూర్చుని కొబ్బరిముక్క చేతిలో పెట్టింది. "మేం చర్చోళ్లమమ్మా," అన్నాను. "కొబ్బరికి ఏం చర్చి ఉంటదమ్మా, తిను," అంది. తిన్నాను. బాగుంది.

అదే సమయంలో సామేలు రూతు కోసం మస్కట్ నుంచి తెచ్చి దాచిన ఖర్జూరాల డబ్బా ఒళ్లో పెట్టుకుని, అక్కడి బడి పిల్లలకు డ్రైవరంటే ఎంత భయభక్తులో గుండామెకు వివరిస్తున్నాడు. కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చింది. మనిషి చెయ్యి కాదు. డబ్బా పోయింది. ఆ కోతి రేకుల కప్పు మీద కూర్చుని, మమ్మల్నే చూస్తూ, గింజలు ఒక్కొక్కటే కింద పడేసింది.

"మస్కట్ బడికాడ గూడ కోతులుంటయారా?" అన్నాను.

"మేకలుంటయి," అన్నాడు ఏడవలేక. "రోడ్డు మీదికి వస్తయి గని, గిట్ల బేయిమాని పని చెయ్యయి."

జగిత్యాల: చివరి సీటు

జగిత్యాలలో బస్సు మారాలి. అందరూ దిగారు. నేను సంచులతో కింద నిలబడ్డాను. సామేలు దిగలేదు. లోపల చివరి సీటు దాకా నడుస్తున్నాడు, వంగి సీట్ల కింద చూస్తున్నాడు.

"ఏం పోయింది పెద్దమనిషీ?" అని డ్రైవరు అరిచాడు.

ఏమీ పోలేదు. మస్కట్‌లో బడి బస్సు డ్రైవర్లకు అది నియమమట. ట్రిప్పు అయిపోయాక చివరి సీటు దాకా పోయి, ఏ పిల్లవాడైనా నిద్రపోయి మిగిలిపోయాడేమో చూసి గానీ తలుపు వేయకూడదు. అక్కడి ఎండలో మూసిన బస్సులో పిల్లవాడు ఉండిపోతే ఇంకేమైనా ఉందా? ఏళ్ల తరబడి చేసి చేసి అది వాడి ఒంటికి పట్టేసింది. ఇంట్లో కూడా తలుపు వేసేముందు మంచం కింద చూస్తాడు. మా మరదలు మొదట్లో అనుమానించింది, తర్వాత అలవాటు పడింది.

ఆ రోజు మాత్రం ఒకరు దొరికారు. చివరి సీట్లో చీర కొంగు ముఖం మీద వేసుకుని ఒక ముసలామె నిద్రపోతోంది. సామేలు లేపాడు.

"కొండగట్టు వచ్చిందా బిడ్డా?"

"కొండగట్టు వచ్చింది, పోయింది గూడ. ఇది జగిత్యాల."

ఆమె లేచి కూర్చుని సామేలునే కోపంగా చూసింది, కొండగట్టును వాడే వెనక్కి నెట్టినట్టు. తర్వాత ఆధార్ కార్డు కొంగులోంచి తీసుకుని, "పోనీ తియ్. ఫ్రీయేనాయె, మళ్ల పోత," అని కరీంనగర్ బస్సు వైపు నడిచింది.

"చూసినవా, నా చూపు ఎట్ల పనికొచ్చిందో," అన్నాడు సామేలు.

"ముసలామెను మోసిన ఖర్చు మా సర్కారుదే. రాస్కో," అన్నాను.

నస్పూర్: దీపాల గది

ఆ సాయంత్రం నస్పూర్‌లో మా చెల్లెలి వరస కమలమ్మ ఇంట్లో ఆగాం. ఆమె భర్త ఎలీషా బొగ్గుబావిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. వాకిట్లో కూర్చోబెట్టి సర్వపిండి, నాటుకోడి కూర పెట్టారు. మా ఊళ్లో సర్వపిండికి పల్లీలు పలుకులుగా వేస్తాం. కమలమ్మ దంచి వేస్తుంది. ఇది తప్పని నేను అనలేదు. రెండోది అడిగి పెట్టించుకున్నాను కాబట్టి అనే హక్కు పోయింది.

మా పంచాయితీ విన్న ఎలీషా గొంతు సవరించుకున్నాడు. "బావిల బొగ్గు ఎంత ఉన్నదని ఎవడు అడుగడు బావా, పైకి ఎంత వచ్చిందని అడుగుతరు. సర్కారు పైసలు దీనికి ఉల్టా. పైన ఎన్ని ఉన్నయన్నది కాదు, కిందికి ఎన్ని దిగినయో చూడాలె."

"మస్కట్ల అన్ని దిగుతయి," అన్నాడు సామేలు.

"నువ్వు కిందికి దిగి చూసినవా? బస్సులనే ఉంటివి గద," అంది కమలమ్మ లోపలి నుంచి. ఆ మాటకు ఆమెకు నా ముక్క ఒకటి ఇద్దామనిపించింది.

అప్పుడు నేను చివరి సీటు సంగతి చెప్పాను, అందరూ నవ్వుతారని. కమలమ్మ నవ్వింది. ఎలీషా నవ్వలేదు. "బావిల దిగేటప్పుడు మనిషికో దీపం ఇస్తరు వదినా. పైకొచ్చినంక దీపాల గదిల దాని గూట్ల అది పెట్టాలె. గూడు ఖాళీగ ఉన్నదంటే మనిషి ఇంక కిందనే ఉన్నడన్నట్టు. ఇంటికి పోబుద్ధి కాదు," అన్నాడు. ఎలీషా సామేలు కంచంలోకి ఇంకో కోడిముక్క వేశాడు. వాళ్లిద్దరూ ఆ తర్వాత అన్నదమ్ముల్లా మాట్లాడుకున్నారు. ప్రయాణంలో నేను మొదటిసారి ఓడిపోతున్నట్టు అనిపించింది అక్కడే.

ఇచ్చోడ: రొట్టెల బాయి

మర్నాడు జన్నారం అడవి దాటి, ఉట్నూర్‌లో బస్సు మారి, ఇచ్చోడలో దిగాం. దిగాం అంటే నేను దిగాను. సామేలు చివరి సీటు చూడటానికి వెనక్కి పోయాడు. ఆ బస్సు ఇంకా నిర్మల్ దాకా పోయేది. మా ట్రిప్పు అయిపోయింది కానీ బస్సుది కాలేదు కదా. కండక్టరు రైట్ చెప్పాడు. సామేలు వెనక అద్దంలోంచి చేతులూపుతూ వచ్చిన దారికి అడ్డంగా హైవే మీద వెళ్లిపోయాడు.

రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కాలుస్తున్న మరాఠీ ఆమె నన్ను చూసింది. "కాయ్ ఝాలం బాయీ? ఏమైంది, గట్ల నిలబడ్డవ్?"

"మా తమ్ముడు బస్సుల పోయిండు."

"చిన్నోడా?"

"అరవైకి దగ్గర పడ్డడు."

"అయితే ఫికర్ లేదు. ఆకలైతే ఆయనే వస్తడు. కూసో."

రెండు రొట్టెలు, పచ్చిమిరపకాయ, వెల్లుల్లి కలిపి నూరిన ఠేచా పెట్టింది. ముప్పై రూపాయలు. మా వైపు జొన్నరొట్టె తింటుంటే "షుగర్ వచ్చిందా?" అని అడుగుతారు. అక్కడ రొట్టె వద్దంటే ఆ మాట అడుగుతారట. ఠేచా నోట్లో పెట్టుకున్నాక కాసేపు నేను ఏ దేశంలో ఉన్నానో తెలియలేదు.

కళ్లు తుడుచుకుంటూ మా పోలిక సంగతి చెప్పాను. ఆమె రొట్టె తిప్పుతూ విన్నది. "మా గూడెం బడికి సారు బండి మీద వస్తడు. వాగు వస్తె రాడు. గా వాగు మీద బ్రిడ్జి కడితె గది బడి ఖర్చుల రాస్తరా, రోడ్డు ఖర్చుల రాస్తరా?"

ఇంకో రొట్టె పెట్టమన్నాను.

సామేలు వచ్చాడు. సంతకు మేకలను తోలుకుపోతున్న ట్రాలీ ఆటోలో, మేకల మధ్య నిలబడి. ఒక మేక వాడి భుజం మీద గడ్డం ఆనించి ఉంది.

"మస్కట్ నుంచి వచ్చినయా?" అని అడిగాను.

వాడు దిగి నేరుగా రొట్టెల దగ్గరికి నడిచాడు. ఆకలిగా ఉన్నాడు. రొట్టెల బాయి నా వైపు చూసి కన్ను కొట్టి, ఆ బ్రిడ్జి మాట వాడినీ అడిగింది.

ఆదిలాబాద్: తీర్పు

సునీత అద్దె ఇల్లు రేకుల షెడ్డు. లోపల కూలర్ నీళ్లు చల్లుతోంది కానీ ఎండ లెక్కచేయడం లేదు. రూతు తాత మెడకు వేలాడి, ఖర్జూరాలేవని అడిగింది. కోతి కథ విని ఖర్జూరాల కంటే ఎక్కువ సంతోషించింది.

అన్నం తిన్నాక ఇద్దరం మా మాటలు చెప్పుకున్నాం. నేను బువ్వ చెప్పాను, టీచరమ్మను చెప్పాను, ఇంటి నుంచి కేక వేస్తే వినబడే బడి అని చెప్పాను. బాత్రూముకు తలుపు సరిగా లేదని కూడా చెప్పాను, మేనకోడలికి అబద్ధం చెప్పి పిల్లను తీసుకుపోవడం ఇష్టంలేక. ఈ ఒక్క పిల్ల చేరకపోతే బడి ఉండదని చివర చెప్పాను. సామేలు మస్కట్ మొత్తం చెప్పాడు.

సునీత యూనిఫాం మడతపెడుతూ అంతా విన్నది. "బాపూ, గంత మంచి బస్సు నడిపినవ్. నేనెప్పుడన్న ఎక్కిన్నా?"

వాడు తల దించుకున్నాడు. వాడు అక్కడ ఎవరి పిల్లలనో ఏసీ బస్సులో ఇంటి ముందు దింపే రోజుల్లో, సునీత మా ఊరి నుంచి హైస్కూలుకు ఎండలో నడిచి పోయేది.

"అందుకే బిడ్డా," అన్నాడు మెల్లగా. "గీ పిల్లనన్న ఎక్కిద్దామని."

ఆ మాటకు నా బువ్వా గుడ్డూ ఎక్కడ నిలబడతాయి? సునీత యూనిఫాం పక్కన పెట్టి, "ఎక్కియ్ బాపూ," అంది. నా వైపు చూసి, "ఏమనుకోకు అత్తా," అంది. నేను ఏమీ అనుకోలేదని చెప్పాను. చాలా అనుకున్నాను.

మర్నాడు పొద్దున బస్టాండుకు వచ్చి, రూతు చేతిలో నిమ్మకాయ పెట్టింది సునీత. "బస్సెక్కితె దీనికి జర కడుపుల తిప్పుతది. వాసన చూపియ్యుండ్రి."

"నా బస్సుల ఎంతమంది పోరగాండ్లు ఎక్కలే! డ్రైవర్ మనవరాలికి కడుపుల తిప్పుడేంది?" అన్నాడు సామేలు. మస్కట్‌లో కుట్టించుకున్న తెల్లచొక్కా వేసుకున్నాడు ఆ రోజు.

నిర్మల్ ఘాట్: లెక్క తేలింది

ఇచ్చోడ దాకా రూతు పాటలు పాడింది. నేరడిగొండ దగ్గర పాట ఆగింది. ఘాట్ మొదటి మలుపులో నిమ్మకాయ చేతిలోంచి జారి ఎవరి సీటు కిందికో పోయింది. రెండో మలుపులో తెల్లచొక్కా పని అయిపోయింది.

"ఏం కాదు బిడ్డా, మొదటిసారి గట్లనే ఉంటది," అన్నాడు సామేలు. తర్వాత మలుపులో కూడా అదే అన్నాడు. కండక్టరు పాత పేపర్లన్నీ మాకే ఇచ్చేశాడు. నిర్మల్ బస్టాండు నల్లా దగ్గర చొక్కా ఉతికి, పిండి, తడిదే తొడుక్కున్నాడు. నాలుగు నిమ్మకాయలు కొన్నాడు. ఇరవై రూపాయలు. బైసలలోకి మార్చలేదు. అవేవీ కరీంనగర్ దాకా పనిచేయలేదు.

కరీంనగర్‌లో దిగేటప్పుడు కూడా వాడు పిల్లను భుజాన వేసుకుని చివరి సీటు దాకా నడిచి చూసి వచ్చాడు. రూతు కింద కాలు పెట్టింది. ముఖం వాడిపోయి ఉంది.

"తాతా, బడికి గూడ రోజు బస్సులనేనా?"

"అవు బిడ్డా. పసుపు బస్సు."

"పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?"

"రెండుసార్లు."

రూతు నా వైపు తిరిగింది. "అమ్మమ్మా, నీ బడికి ఎట్ల పోవాలె?"

నేను నోరు తెరవడానికి భయపడ్డాను, గెలిచినట్టు వినబడుతుందేమోనని. "నడుచుకుంట," అన్నాను.

"నడిస్తె వాంతి కాదు గద?"

సామేలు దారిలో మళ్లీ ఉతుక్కున్న చొక్కా కొసలు పిండుకున్నాడు. తర్వాత ఫోను తీసి సునీతకు చేశాడు. ఏం చెప్పాడో నేను వినలేదు. బస్టాండు బోర్డులు చదువుతూ నిలబడ్డాను, మొదటిసారి మనసులోనే.

మా ఊరు: చివరి బెంచీ

రూతు పేరు రాయించాం. పైనుంచి వచ్చినవాళ్లు చూసి, ఈ ఏడుకు సరే అన్నారు. వచ్చే ఏడు సంగతి వాళ్లూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

బస్సు లేకపోతేనేం, సామేలే బస్సు అయ్యాడు. పొద్దున రూతుతో బయల్దేరి, వాడకట్టులో ప్రతి ఇంటి ముందు ఆగి, పిల్లలను ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి, ముందువాళ్ల చొక్కా పట్టుకోమంటాడు. అది సీటు బెల్టట. మలుపు వస్తే చెయ్యి చాపుతాడు. ఒకరోజు ప్రైవేటు బస్సు కోసం నిలబడిన ఇద్దరిని కూడా వరసలో కలపబోతే వాళ్ల తల్లి చీపురు పట్టుకుని వచ్చింది.

"మస్కట్ సర్కారు డ్రైవర్‌కు జీతం ఇచ్చె. ఇక్కడ ఉత్తగనే నడుపుతున్నవ్. గిది ఏ ఖర్చుల రాయాలెరా?" అని అడిగాను.

"రొట్టెల బాయిని అడుగు," అన్నాడు.

సాయంత్రం గిన్నెలు తోమి బడికి తాళం వేసేది నేను. ఇప్పుడు వాడు చూడందే తాళం వేయనివ్వడు. గదిలోకి పోతాడు, వంగి బెంచీల కింద చూస్తాడు, నేను కూర్చుని అఆలు దిద్దిన చివరి బెంచీ దాకా పోయి నిలబడతాడు. నేను తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడి అడుగుతాను.

"ఎవరన్న మిగిలిన్రారా?"

"ఎవ్వరు మిగల్లే అక్కా. వెయ్, తాళం."